దుకాణం తలుపు మూసుకుంటే

(కరీంనగర్‌లో చిన్న వ్యాపారులు, వారి కుటుంబ సభ్యులు, విద్యార్థులు పాల్గొన్న ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఆర్థికశాస్త్రవేత్తను కాను. బట్టల దుకాణంలో పెరిగినవాణ్ని. మా అబ్బాజాన్ టవర్ సర్కిల్‌కు దగ్గరలో ఒక సందులో చిన్న దుకాణం నడిపేవారు. బడి నుంచి రాగానే, గిరాకీకి విప్పి చూపిన తానులను మళ్లీ మడతపెట్టడం నా పని. ఆ దుకాణంలో రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి పన్నుల కోసం రాసే లెక్కల పుస్తకం. రెండవది ఎర్ర అట్టతో, దారంతో కుట్టిన పొడవాటి ఉద్దెర పుస్తకం. పత్తి అమ్మగానే ఇస్తానన్న రైతు, జీతం రాగానే ఇస్తానన్న బడి పంతులు, బీడీల మజూరీ అందగానే ఇస్తానన్న ఆడబిడ్డ, దుబాయి నుంచి కొడుకు పంపగానే ఇస్తానన్న తల్లి, వీరందరి పేర్లూ అందులో ఉన్నాయి. సగానికి పైగా పేర్లు ముస్లిమేతర సోదరులవి. ఎవరి వద్దా బాండు రాయించుకోలేదు, ఎవరినీ పూచీ అడగలేదు.

నాలుగేళ్ల క్రితం ఆ దుకాణాన్ని మూసివేశాము. అందులో కూర్చోవలసిన మా అన్న కుమారుడు ఇప్పుడు ద్విచక్ర వాహనం వెనుక పెద్ద సంచి కట్టుకొని, అవే వీధుల్లో, అవే ఇళ్లకు బట్టల పార్సిళ్లు చేరవేస్తున్నాడు. ఒకప్పుడు ఆ ఇళ్లవారు మా దుకాణానికి నడిచి వచ్చేవారు.

ఇది మా ఒక్క కుటుంబం కథ కాదని మీ ముఖాలు చూస్తేనే తెలుస్తున్నది. అందుకే ఈ రోజు నేను చెప్పదలచిన మాట ఒక్కటే. బజారు క్షీణించడాన్ని వ్యాపారంలో వచ్చే లాభనష్టాల ఖాతాలో వేసి ఊరుకోలేము. మనకు సంబంధించినంతవరకు అది జీవనోపాధి హక్కుకు సంబంధించిన ప్రశ్న. హక్కుల ప్రశ్నను ఎదుర్కొన్నట్టే దానిని కూడా చట్టం తెలుసుకొని, లెక్క తెలుసుకొని, కలసికట్టుగా ఎదుర్కోవాలి. ఫోన్‌ను తిట్టడం వల్ల ప్రయోజనం లేదు. 'మనవాళ్ల వద్దనే కొనండి' అని బతిమాలడం వల్ల కూడా ప్రయోజనం లేదు.

మనం బజారులో ఎందుకు ఉన్నాము?

ముందుగా ఈ ప్రశ్న వేసుకోవాలి. 1948 సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్య తరువాత, హైదరాబాదు సంస్థానంలో ప్రభుత్వ కొలువులపై ఆధారపడిన ఎన్నో ముస్లిం కుటుంబాలు ఆ ఆధారాన్ని కోల్పోయాయి. చేతిలో భూమి లేని కుటుంబం, కొలువు పోయిన కుటుంబం, పట్టణంలో ఏదో ఒక చేతిపని పట్టుకున్నది. కుట్టుపని, చెప్పుల దుకాణం, గాజుల బండి, పండ్ల బండి, సైకిల్ మరమ్మతు, తరువాతి తరానికి మొబైల్ మరమ్మతు. మన కుటుంబాల్లో చాలామంది బజారులోకి వచ్చింది ఈ దారినే.

ఈ మాటకు అంకెల ఆధారం కూడా ఉన్నది. జస్టిస్ రాజీందర్ సచార్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 2006 నవంబరులో తన నివేదిక సమర్పించింది. మన వెనుకబాటు గురించి ఆ నివేదికను మనం ఎన్నోసార్లు ఉదహరిస్తాము. కానీ అందులో బజారు గురించి చెప్పిన భాగాన్ని తక్కువగా చదువుతాము. పట్టణాల్లో పనిచేసే ముస్లింలలో 57 శాతం స్వయం ఉపాధిపై బతుకుతున్నారని, హిందువులలో ఆ వాటా 43 శాతమని అది తెలిపింది. ముస్లిం పురుష కార్మికులలో 12 శాతానికి పైగా వీధి వ్యాపారంలో ఉండగా, జాతీయ సగటు 8 శాతం లోపే. క్రమంగా జీతం వచ్చే ఉద్యోగాలలో మన వాటా ఇతరులకంటే బాగా తక్కువ.

ఈ అంకెల అర్థం సులభం. బజారుకు గాలి తగిలితే ఊరంతటికీ జలుబు చేయవచ్చు. మనకు మాత్రం జ్వరం వస్తుంది. ఉద్యోగం ఉన్న ఇంట్లో దుకాణం మూతపడితే ఒక ఆదాయం పోతుంది. మన ఇళ్లలో చాలావాటికి దుకాణమే ఉద్యోగం, దుకాణమే పింఛను, దుకాణమే కూతురి పెళ్లికి దాచిన సొమ్ము.

దెబ్బ మీద దెబ్బ

ఇప్పుడు ఇది ఎలా జరిగిందో చూద్దాము. ఫ్లిప్‌కార్ట్ 2007లో బెంగళూరులో పుస్తకాల అమ్మకంతో మొదలైంది. అమెజాన్ 2013 జూన్‌లో మన దేశంలో అమ్మకాలు ప్రారంభించింది. అప్పట్లో కరీంనగర్ దుకాణదారులు వాటిని హైదరాబాదు వాళ్ల సరదా అనుకున్నారు. 2016లో చౌక ఇంటర్నెట్ వచ్చింది. ఆ ఏడాదే నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. చిల్లర లేక గిరాకీ ఆగిపోయిన ఆ వారాలు మీకు గుర్తుండే ఉంటాయి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. లెక్కలు రాయడానికి మనిషిని పెట్టుకోగల పెద్ద సంస్థకు అది ఒక మార్పు మాత్రమే. ఒంటిచేత్తో నడిచే దుకాణానికి అది కొత్త ఖర్చు.

ఆ తరువాత 2020. మార్చిలో ఇండోనేషియా నుంచి వచ్చిన ఒక మత ప్రచారకుల బృందానికి మన కరీంనగర్‌లోనే కరోనా బయటపడింది. వ్యాధికి మతం లేదు. కానీ ఆ తరువాతి వారాల్లో దేశమంతటా పుకార్లు నడిచాయి. ముస్లిం పండ్ల వ్యాపారి వద్ద, కూరగాయల వ్యాపారి వద్ద కొనవద్దని ఫోన్లలో సందేశాలు తిరిగాయి. ఆ ఏడాది రంజాన్ మాసమంతా లాక్‌డౌన్‌లోనే గడిచింది. మరుసటి ఏడాది 2021 మే 12న రాష్ట్రంలో మళ్లీ లాక్‌డౌన్ మొదలైంది. దుకాణాలకు ఉదయం 6 నుంచి 10 గంటల వరకే అనుమతి. మే 14న ఈద్.

రంజాన్ అంటే బజారుకు ఏమిటో కొత్త తరానికి చెప్పాలి. మా దుకాణంలో ఏడాది అమ్మకాలలో పెద్ద భాగం ఆ నెలలోనే జరిగేది. అందుకోసం అబ్బాజాన్ రెండు నెలల ముందే హైదరాబాదులో మదీనా, పత్తర్‌గట్టి ప్రాంతాల టోకు వ్యాపారుల వద్ద అప్పుపై సరుకు తెచ్చేవారు. రెండు వరుస సంవత్సరాలు ఆ సరుకు అలమారలలోనే ఉండిపోయింది. అప్పు మాత్రం ఆగలేదు. సరిగ్గా అదే కాలంలో గిరాకీదారుల చేతికి ఫోన్ అలవాటైంది. దుకాణాలు మళ్లీ తెరిచాము. అలవాటు మాత్రం తిరిగి రాలేదు.

ఏ వృత్తిపై ఏ దెబ్బ పడిందో ఒక ఉదాహరణ చెప్పి ముందుకు సాగుతాను. మనలో దూదేకుల సోదరులు తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టేవారు. ఇంటి ముందుకు వచ్చి పాత పరుపు విప్పి, దూది మళ్లీ ఏకి, కొత్తదానిలా కుట్టి ఇచ్చేవారు. ఇవాళ ఫోమ్ పరుపును గాలి తీసి, చాపలా చుట్టి, పెట్టెలో పెట్టి ఇంటికి పంపుతున్నారు. ఆదిలాబాద్ పత్తికి దేశమంతటా పేరు. ఆ పత్తి పండే గడ్డపైనే దూది పరుపు కుట్టే చేతికి పని కరువైంది.

ధర వెనుక ఉన్న లెక్క

'ఆన్‌లైన్‌లో తక్కువకు వస్తుంది కదా' అని మన పిల్లలే అంటారు. నిజమే, చాలా వస్తువులు తక్కువకు వస్తాయి. ఆ తక్కువ ఎక్కడి నుంచి వస్తున్నదో కూడా తెలుసుకోవాలి. అందులో కొంత న్యాయమైనది. మధ్య దళారులు తగ్గడం, పెద్ద గోదాములు, పెద్ద ఎత్తున కొనుగోలు. దానిపై మనకు ఫిర్యాదు ఉండకూడదు. ఇంకొంత మాత్రం, నష్టం వచ్చినా ఏళ్ల తరబడి భరించగల పెట్టుబడి నుంచి వస్తుంది. 2018లో వాల్‌మార్ట్ సంస్థ ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటాను సుమారు 1600 కోట్ల డాలర్లకు కొన్నది. అంత సొమ్ము వెనుక ఉన్నవారు ఒక పండుగ సీజన్‌లో నష్టానికి అమ్మగలరు. మన సందులోని దుకాణదారుడు ఒక్క నెల అద్దె తప్పితే ఖాళీ చేయాలి.

అందుకే చట్టం కొన్ని హద్దులు గీసింది. విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ సంస్థ అమ్మేవారికీ కొనేవారికీ మధ్య వేదికగా మాత్రమే ఉండాలి, తానే సరుకు పెట్టుకొని వినియోగదారులకు అమ్మకూడదు. 2018 డిసెంబరులో కేంద్రం ఈ నిబంధనలను బిగించింది. 2019 ఫిబ్రవరి 1 నుంచి అవి అమలులోకి వచ్చాయి. ఒక విక్రేత తన సరుకులో 25 శాతానికి మించి ఆ వేదిక నుంచో, దాని అనుబంధ సంస్థల నుంచో కొంటే, ఆ సరుకు వేదిక అదుపులో ఉన్నట్టే పరిగణించాలి. వేదిక ధరలను ప్రభావితం చేయకూడదు. ఈ హద్దులు దాటుతున్నారన్న వాదనతో ఢిల్లీ వ్యాపారుల సంఘం ఒకటి ఫిర్యాదు చేయగా, 2020 జనవరిలో కాంపిటీషన్ కమిషన్ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లపై విచారణకు ఆదేశించింది. గమనించండి, అక్కడి వ్యాపారులు కంపెనీని తిట్టి ఊరుకోలేదు. కాగితం పట్టుకొని కమిషన్ తలుపు తట్టారు.

ప్రపంచంలో మరోచోట ఏం చేశారో కూడా చూద్దాము. ఫ్రాన్సులో 1981 నుంచే కొత్త పుస్తకాలపై 5 శాతానికి మించి తగ్గింపు ఇవ్వరాదన్న చట్టం ఉన్నది. ఆన్‌లైన్ సంస్థలు ఉచిత రవాణా పేరుతో ఆ చట్టం చుట్టూ తిరగగా, పుస్తకాల రవాణాకు కనీస రుసుము వసూలు చేయాలని 2021లో మరో చట్టం చేశారు. అంటే బజారు భవిష్యత్తును సాంకేతికత ఒక్కటే నిర్ణయించదు. సమాజం ఏం కోరుకున్నదో, ప్రభుత్వం ఏ చట్టం చేసిందో కూడా నిర్ణయిస్తాయి.

మన తప్పులు మనం చెప్పుకోవాలి

ఇంతవరకు ఇతరుల గురించి మాట్లాడాను. ఇప్పుడు మన గురించి. ఇక్కడ కూర్చున్న అక్కాచెల్లెళ్లు మొహమాటపడకుండా మాట్లాడితే నాకంటే బాగా చెప్పగలరు. ఎన్నిసార్లు మన దుకాణంలో ధర అడిగితే మనిషిని చూసి ధర చెప్పాము? మార్చుకోవడానికి వచ్చిన గిరాకీని ఎన్నిసార్లు దొంగను చూసినట్టు చూశాము? బిల్లు అడిగితే ముఖం చిట్లించాము. ఆడవారు లోపలికి వచ్చి నింపాదిగా చూసుకోవడానికి చోటు లేకుండా, గుమ్మంలోనే నలుగురు మిత్రులను కూర్చోబెట్టుకొని చాయ్ తాగాము. మా దుకాణంలోనూ ఇవన్నీ జరిగాయి. తెరపై ధర అందరికీ ఒకటే. నచ్చకపోతే తిరిగి పంపవచ్చు. మా చెల్లెలే ఒకసారి నాతో అన్నది, 'భాయి, అక్కడ నన్ను ఎవరూ తేరిపార చూడరు' అని. ఆ మాటకు నా వద్ద జవాబు లేకపోయింది.

తూనికలో, మాటలో, సరుకులో ఉన్న లోపాన్ని దాచకపోవడంలో నిజాయితీ మనకు వ్యాపార నీతి మాత్రమే కాదు, ధర్మం. ఆ ధర్మాన్ని దుకాణంలో పాటించి ఉంటే, గిరాకీదారులలో కొందరైనా మనల్ని విడిచి వెళ్లేవారు కాదు.

మూతపడిన దుకాణంతో ఏం పోతుంది?

దుకాణం మూతపడితే ముందుగా పోయేది ఉద్దెర. ఫోన్‌లో కూడా ఇప్పుడు అప్పు ఇస్తున్నారు. కానీ వాయిదా తప్పితే ఆ అప్పుకు జాలి లేదు. అబ్బాజాన్ పుస్తకంలో కొన్ని పద్దులపై అడ్డగీత ఉన్నది, పక్కన వసూలైన మొత్తం లేదు. ఒకసారి అడిగాను. 'ఆ ఏడు వాళ్ల పంట పోయింది' అన్నారు. అంతే. ఆ అడ్డగీత గీయగల చేయి ఏ యాప్‌కూ లేదు.

రెండవది, పరిచయం. ఆదిలాబాద్ జిల్లా వైపు వెళ్లినవారికి ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు అంగళ్లు తెలుసు. గోండు, కొలాం సోదరులు వారానికొకసారి కొండల నుంచి దిగి అంగడికి వస్తారు. బట్టలు, ఉప్పు, పప్పు, గాజులు, పాత్రలు అమ్మేవారిలో మనవారు ఎందరో. ఆ వ్యాపారులలో గోండి భాషలో బేరం చేయగలవారు కూడా ఉన్నారు. అంగడి అంటే సరుకుల మార్పిడి జరిగే చోటే కాదు. భిన్నమైన మనుషులు వారం వారం ఒకరి ముఖం ఒకరు చూసుకునే చోటు.

అదే జైనూరులో 2024 సెప్టెంబరు 4న ఏం జరిగిందో మనందరికీ తెలుసు. అంతకు కొద్ది రోజుల ముందు ఒక ఆదివాసీ మహిళపై ఒక ఆటో డ్రైవరు ఘోరమైన దాడి చేశాడన్న ఆరోపణ. ఆ తల్లికి న్యాయం జరగాలి, నేరస్థునికి చట్టప్రకారం శిక్ష పడాలి. ఈ మాట మనమే ముందుగా, గట్టిగా చెప్పాలి. కానీ ఆ రోజు బంద్ సందర్భంగా ఆ నేరంతో సంబంధం లేని ముస్లింల దుకాణాలు తగులబడ్డాయి, ప్రార్థనా స్థలంపై దాడి జరిగింది, కర్ఫ్యూ విధించారు. ఒకరి నేరానికి ఒక బజారంతా మూల్యం చెల్లించింది.

ఈ సంగతిని ఇక్కడ ఎందుకు ప్రస్తావించానంటే, కాలిన దుకాణాన్ని మళ్లీ కట్టవచ్చు. మళ్లీ కట్టిన తరువాత అక్కడికి ఆదివాసీ సోదరి వచ్చి బేరం చేయడమే అసలైన శాంతి. శాంతి కమిటీ సమావేశాలు చేయలేని పనిని అంగడి ప్రతి వారం చేస్తుంది. అంగడి కూడా తెరలోకి వెళ్లిపోతే, మనం ఒకరికొకరం పుకార్లలో మాత్రమే కనిపిస్తాము. అప్పుడు పుకారు చెప్పిందే నిజమవుతుంది.

ఇప్పుడు ఏం చేయాలి?

మొదటిది, వీధి వ్యాపారుల చట్టం. 2014లో పార్లమెంటు చేసిన ఈ చట్టం మన బండి వ్యాపారులకు కవచం వంటిది. ప్రతి పట్టణంలో వెండింగ్ కమిటీ ఉండాలి. దాని సభ్యులలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఎన్నుకున్న ప్రతినిధులు కావాలి. వారిలో మూడోవంతు మహిళలు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీలతో పాటు మైనారిటీలకు కూడా తగిన ప్రాతినిధ్యం ఇవ్వాలని చట్టంలోనే రాశారు. 30 రోజుల నోటీసు ఇవ్వకుండా సర్టిఫికెట్ ఉన్న వ్యాపారిని కదిలించరాదు. కరీంనగర్ 2017లో స్మార్ట్ సిటీల జాబితాలో చేరింది. రోడ్లు వెడల్పయ్యాయి, చౌరస్తాలు అందంగా మారాయి. మంచిదే. ఆ అందంలో బండికి చోటు ఎక్కడ అని అడగవలసింది ఈ కమిటీలోనే. మీలో ఎంతమంది వద్ద వెండింగ్ సర్టిఫికెట్ ఉన్నది? చేయి ఎత్తమని అడగను. రేపు మున్సిపల్ కార్యాలయానికి వెళ్లి అడగండి అని మాత్రం కోరుతాను.

రెండవది, ఆన్‌లైన్ దారిలో మనం కూడా నడవడం. ఇదివరకు ఎంత చిన్న వ్యాపారి అయినా ఆన్‌లైన్ వేదికపై సరుకు అమ్మాలంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2023 అక్టోబరు 1 నుంచి ఆ నిబంధన సడలించారు. టర్నోవర్ పరిమితికి లోపల ఉన్న వ్యాపారి తన రాష్ట్రం లోపల, పాన్ ఆధారంగా జీఎస్టీ పోర్టల్‌లో ఒక నమోదు సంఖ్య తీసుకొని అమ్ముకోవచ్చు. అలాగే 2021 జూలై నుంచి చిల్లర, టోకు వ్యాపారులు ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకొని, బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాలకు అర్హులు కావచ్చు. ఈ రెండు నమోదులకూ దళారీ అక్కరలేదు. ఇంటర్ చదివే పిల్లవాడు తన తండ్రి కోసం ఒక మధ్యాహ్నం కూర్చుంటే చాలు. ఇక్కడున్న విద్యార్థులకు నేను అప్పగిస్తున్న పని ఇది.

మూడవది, తెర మోయలేని పనిని మనం పట్టుకోవాలి. కొలత తీసి కుట్టడం, కుట్టినదాన్ని సరిచేయడం, మరమ్మతు, అమర్చడం, నేర్పడం. చేతిపనికి పేరు ఉంటే తెర కూడా సాయపడుతుంది. కరీంనగర్ వెండి తీగపనికి, నిర్మల్ బొమ్మలకు భౌగోళిక సూచిక గుర్తింపు ఉన్నది. దూరదేశంలో ఉన్నవాడు కూడా ఆ పేరుతోనే వెతుకుతాడు. కాబట్టి ఎక్కడైనా దొరికే వస్తువును ఎక్కడైనా దొరికే ధరకు అమ్మే దుకాణమే ముందుగా మూతపడుతుంది. ఇది కఠినమైన మాట. మా దుకాణం అలాంటిదే కాబట్టి చెప్పే అర్హత నాకున్నది.

నాలుగవది, పెట్టుబడి. వడ్డీ వద్దనుకొని మన కుటుంబాలు బ్యాంకు గుమ్మం తొక్కవు. అత్యవసరం వచ్చినప్పుడు మాత్రం అదే మనిషి గిరిగిరి ఫైనాన్స్‌కు రోజువారీ కడుతూ, బ్యాంకు వడ్డీకి ఎన్నో రెట్లు చెల్లిస్తాడు. ఈ వైరుధ్యాన్ని మనం దాచుకుంటున్నాము. దేశంలో కొన్నిచోట్ల వడ్డీ లేని సహకార పరపతి సంఘాలు చట్టబద్ధంగా నమోదై నడుస్తున్నాయి. సభ్యులు పొదుపు చేస్తారు, అవసరమైన సభ్యుడు తీసుకుంటాడు, నిర్వహణ ఖర్చు మాత్రమే చెల్లిస్తాడు. ఇక్కడ వందమంది వ్యాపారులు నెలకు కొంత చొప్పున వేస్తే, ఒక రంజాన్ సరుకుకు సరిపడే మూలధనం మన చేతిలోనే ఉంటుంది. దానికి కావలసింది పెద్ద మొత్తం కాదు. పారదర్శకమైన లెక్క, ఏటా ఆడిట్, పెత్తనం ఆశించని కార్యదర్శి.

ప్రభుత్వ పథకాలను కూడా వదలవద్దు. 2023లో మైనారిటీలకు లక్ష రూపాయల పూర్తి సబ్సిడీ పథకం ప్రకటించారు. దరఖాస్తుదారులు ఎక్కువ, లబ్ధిదారులు తక్కువ అన్నది మీరు చూశారు. ఎవరికి ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు అని సమాచార హక్కు చట్టం కింద అడిగే పని మన సంఘాలది.

ఐదవది, సంచి మోస్తున్న మన పిల్లలు. దుకాణం మూసుకుపోయినచోట దారి దొరికింది ఈ పనిలోనే. ఎండలో, వానలో తిరిగి సంపాదించే ఆ సొమ్ము గౌరవప్రదమైనది. కానీ ప్రమాదం జరిగితే ఎవరు చూస్తారు? 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం గిగ్ కార్మికులకు 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. మీ ఇంటి పిల్లవాని పేరు అందులో ఉన్నదా? అతనికి ఈ-శ్రమ్ కార్డు ఉన్నదా? ఇంకొక మాట. 2019లో జబల్‌పూర్‌లో ఒక వినియోగదారుడు, ఆహారం తెస్తున్న వ్యక్తి హిందువు కాదని ఆర్డరు రద్దు చేసుకున్నాడు. ఆ సందర్భంలో జొమాటో సంస్థ తన కార్మికుని పక్షాన నిలబడింది. మంచి విషయం. కానీ కార్మికుని గౌరవం సంస్థ యజమాని మంచితనంపై ఆధారపడకూడదు. వివక్షకు వ్యతిరేకంగా స్పష్టమైన నిబంధన ఉండాలని కార్మిక సంఘాలతో కలసి మనం కోరాలి.

చివరగా, కొనుగోలుదారులుగా మనం. ఫోన్‌లో కొనవద్దని నేను చెప్పను. మా ఇంట్లోనూ కొంటారు. ఒక్కటి చేయండి. నెల సరుకులలో, పండుగ బట్టలలో కొంత భాగం మీ వీధి దుకాణానికి కేటాయించండి. ఆ దుకాణదారుడు ముస్లిమా, హిందువా, క్రైస్తవుడా అని చూడవద్దు. మన వద్ద కొనవద్దని ఎవరో చెబితే మనకు ఎంత బాధ కలిగిందో, ఇంకొకరి విషయంలో మనం అదే తప్పు చేయకూడదు. మతం చూసి గిరాకీ రావాలని కోరుకునే బజారు, మతం చూసి గిరాకీ పోయే బజారు కూడా అవుతుంది.

సోదరులారా, సోదరీమణులారా!

రాజ్యాంగంలోని 19వ అధికరణ మనకు నచ్చిన వృత్తి, వ్యాపారం చేసుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కు కాగితంపై భద్రంగానే ఉన్నది. దానిని బజారులో నిలబెట్టుకోవడం మన పని.

అబ్బాజాన్ కన్నుమూసిన తరువాత ఉద్దెర పుస్తకం నా వద్దకు వచ్చింది. దుకాణం మూసివేస్తున్నామని తెలిసి ఒక పెద్దమనిషి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో మడత పెట్టిన నోట్లు. 'మీ నాయనకు బాకీ ఉన్న, బిడ్డ లగ్గం బట్టలయి' అన్నాడు. పుస్తకం తిరగేసి చూశాను. ఆయన పేరు ఉన్నది, దానిపై అడ్డగీత కూడా ఉన్నది. 'అబ్బాజాన్ మాఫీ చేసేశారు' అని చూపించాను. ఆయన చాలాసేపు ఆ గీతను చూస్తూ నిలబడ్డాడు. తరువాత, 'నాకు చెప్పనేలేదు' అన్నాడు. డబ్బు వెనక్కు తీసుకోలేదు. బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ డబ్బును నేను ఖర్చు చేయలేదు. మనం వడ్డీ లేని పరపతి సంఘం ప్రారంభించే రోజున మొదటి వాటాగా దానిని వేస్తాను. ఆ రోజు త్వరగా రావాలని, అల్లాహ్ మన శ్రమలో బర్కత్ ఇవ్వాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.